మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదరడానికి మూలం ఎక్కడ: లింఫోసైట్‌లలోనా, మైక్రోగ్లియాలోనా?

సుషుమ్న:

మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి చదవడం మొదలుపెట్టిన ప్రతివారికీ ముందుగా ఎదురయ్యే కథనం ఇది. రక్తంలోని టి-కణాలు మైలిన్‌ను పరాయి పదార్థంగా పొరబడి, రక్త-మెదడు అవరోధాన్ని దాటి మెదడులోకి, వెన్నుపాములోకి ప్రవేశిస్తాయి. నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ తొడుగును దెబ్బతీస్తాయి. ఆ చోట గట్టిపడిన మచ్చ మిగులుతుంది. 1930లలో థామస్ రివర్స్ బృందం కోతులకు మెదడు కణజాలపు సారాన్ని పదేపదే ఇంజెక్ట్ చేసి ఇటువంటి వ్యాధినే కలిగించడంతో ఈ కథనానికి ప్రయోగశాలలో ఒక నమూనా కూడా దొరికింది. ఈఏఈ అని పిలిచే ఆ జంతు నమూనా ఆధారంగానే ఆ తరువాతి పరిశోధనలో చాలా భాగం నడిచింది.

ఈ కథనం అబద్ధమని నేను అనడం లేదు. అది వ్యాధిలో ఒక భాగాన్ని మాత్రమే వివరిస్తుందని, రోగి నడకను, చేతి పట్టును, జ్ఞాపకశక్తిని ఏళ్ల తరబడి నెమ్మదిగా హరించే రెండో భాగంలో ప్రధాన పాత్ర సహజ రోగనిరోధక కణాలదేనని, అంటే మెదడులోనే నివసించే మైక్రోగ్లియాదీ, రక్తంలోని మోనోసైట్‌ల నుంచి పుట్టి, శిథిలాలను మింగే మాక్రోఫేజ్‌లదీ అని నా వాదన. ఎందుకంటే లింఫోసైట్‌లను, అంటే టి-కణాలు, బి-కణాలు అనే తెల్లరక్తకణాలను, అదుపు చేసే మందులు ఈనాడు రిలాప్స్‌లను, అంటే వ్యాధి హఠాత్తుగా తిరగబెట్టే సందర్భాలను, దాదాపుగా ఆపగలుగుతున్నాయి, కొత్త మచ్చలు కనిపించకుండా చేయగలుగుతున్నాయి. అయినా రోగుల్లో చాలామందికి వైకల్యం పెరుగుతూనే ఉంది. బి-కణాలను తొలగించే ఆక్రెలిజుమాబ్ అనే మందు మీద ఒపెరా పేరుతో జరిగిన రెండు ట్రయల్స్ సమాచారాన్ని 2020లో తిరిగి విశ్లేషించినప్పుడు, రిలాప్స్‌లతో కూడిన ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లెరోసిస్) ఉన్నవారిలో సైతం స్థిరపడిన వైకల్యంలో అధిక భాగం ఏ రిలాప్స్‌తోనూ సంబంధం లేకుండా పెరిగిందని తేలింది. బయటి నుంచి వచ్చే కణాలను కట్టడి చేసిన తరువాత కూడా నష్టం కొనసాగుతోందంటే, ఆ నష్టం చేసేది లోపలే ఉండి ఉండాలి.

దీనిని అంగీకరించని వారు తమ ఆధారాలను ఇక్కడ పెట్టవలసిందిగా కోరుతున్నాను.

లసీకధార:

సుషుమ్న గారూ, మీరు చివరి వాక్యంలో చేసిన నిర్ధారణ తొందరపాటుదని నా అభిప్రాయం. మందు ఆపలేని నష్టమంతా మైక్రోగ్లియా ఖాతాలో వేయడానికి లేదు. వ్యాధికి కారణం ఏదో నిర్ణయించడానికి మనకున్న గట్టి సాక్ష్యాలు మూడు. మూడూ లింఫోసైట్‌ల వైపే చూపిస్తాయి.

జన్యువులను చూడండి. ఎం.ఎస్. వచ్చే అవకాశాన్ని అన్నిటికన్నా ఎక్కువగా, సుమారు 3 రెట్లు, పెంచేది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01 అనే జన్యురూపం. ఆ అణువు చేసే పని టి-కణానికి ప్రతిజనకాన్ని, అంటే అది గుర్తుపట్టవలసిన పదార్థపు తునకను, చూపించడమే. వైరస్‌ను చూడండి. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీయువకుల రక్త నమూనాల ఆధారంగా 2022లో వెలువడిన అధ్యయనంలో, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తరువాత ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరిగింది. ఆ వైరస్ జీవితాంతం దాగి ఉండేది బి-కణాలలో. చికిత్సను చూడండి. 2008లో రిటుక్సిమాబ్ మీద 104 మందితో జరిగిన ట్రయల్, ఆ తరువాత ఆక్రెలిజుమాబ్ ట్రయల్స్ బి-కణాలను తొలగిస్తే వ్యాధి ఎంతగా అణగిపోతుందో నిరూపించాయి. ఒపెరా ట్రయల్స్‌లో ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఏ తీసుకున్నవారితో పోలిస్తే రిలాప్స్‌ల వార్షిక రేటు 46-47 శాతం తగ్గింది. మైక్రోగ్లియాను నేరుగా తాకని యాంటీబాడీ ఈ ఫలితాన్ని ఇచ్చింది.

ముదిరే దశలో కూడా ఇది పూర్తిగా విఫలం కాలేదని మీరు గమనించాలి. మొదటి నుంచీ నెమ్మదిగా ముదిరే రకం ఎం.ఎస్. ఉన్న 732 మందితో జరిగిన ఒరటోరియో ట్రయల్‌లో, 12 వారాల పాటు నిలిచిన వైకల్యం ప్లాసిబో (మందు లేని నకిలీ డోసు) తీసుకున్నవారిలో 39.3 శాతం మందికి, ఆక్రెలిజుమాబ్ తీసుకున్నవారిలో 32.9 శాతం మందికి కలిగింది. ఆ రకం వ్యాధికి అమెరికాలో ఆమోదం పొందిన మొట్టమొదటి మందు 2017లో వచ్చిన ఇదే, అది పనిచేసేది బి-కణాల మీద.

మైక్రోగ్లియా ఉత్తేజితమై కనిపిస్తుందన్నది నిజమే. కణజాలం ఎక్కడ దెబ్బతిన్నా అది ఉత్తేజితమవుతుంది. పక్షవాతంలో, తలకు గాయమైనప్పుడు, అల్జీమర్స్‌లో కూడా అవుతుంది. ఘటనాస్థలంలో ఎల్లప్పుడూ కనిపించేవారే నేరం చేశారని అనలేము.

సూక్ష్మదర్శిని:

నేను కణజాల పరీక్ష వైపు నుంచి ఈ విషయాన్ని చూసేదాన్ని. ఈ చర్చలో "మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు" అని ఒకే ఊపిరిలో అంటున్నారు. ఆ రెండింటినీ విడదీయకుండా ఎంత వాదించినా తేలదు.

మైక్రోగ్లియాను స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రీయో ఒర్తెగా 1919లో ప్రత్యేక కణాలుగా గుర్తించారు. అవి రక్తం నుంచి నిరంతరం వచ్చి చేరే కణాలు కావు. ఎలుకల పిండాలలో వాటి మూలాన్ని వెదికిన 2010 నాటి పరిశోధన ప్రకారం అవి పిండదశ తొలినాళ్లలో సొనసంచి నుంచి వచ్చి మెదడులో స్థిరపడి, అక్కడే తమను తాము భర్తీ చేసుకుంటూ ఉంటాయి. మోనోసైట్‌ల నుంచి వచ్చే మాక్రోఫేజ్‌లు ఎముక మజ్జలో పుట్టి, వాపు ఉన్నప్పుడు లోపలికి వస్తాయి. గాయం లోపల రెండూ ఒకేలాంటి ఆకారం ధరించడం వలన కణజాలానికి పట్టించే సాధారణ రంగులతో వేరు చేయడం కష్టం. అందుకే దశాబ్దాల పాటు వాటిని కలిపే లెక్కించారు.

2014లో ఈ రెండింటికీ వేర్వేరు రంగుల గుర్తులు పెట్టిన ఎలుకలలో ఈఏఈ కలిగించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పొర తరువాత పొర కోస్తూ చూసినప్పుడు తేడా స్పష్టంగా బయటపడింది. వ్యాధి మొదలైన దశలో నాడీతంతువు మీద మైలిన్ తొడుగుకు విరామం ఉండే రాన్వియర్ కణుపుల వద్దకు చేరి మైలిన్‌ను లాగి విప్పుతున్నవి మోనోసైట్ సంతతి కణాలు. అదే సమయంలో మైక్రోగ్లియా శిథిలాలను తొలగించే పనిలో ఉంది, దాని జీవక్రియ సూచికలు తగ్గి ఉన్నాయి. దీని అర్థం మైక్రోగ్లియా నిర్దోషి అని కాదు. 2005లో మరో బృందం మైక్రోగ్లియాను జన్యుపద్ధతిలో స్తంభింపజేసిన ఎలుకలలో ఈఏఈ బాగా అణగిపోయింది. అంటే ఒకే నమూనాలో, ఏ ఘడియలో చూస్తున్నామన్నదాన్ని బట్టి, ఏ పద్ధతిలో నిలువరించామన్నదాన్ని బట్టి, జవాబు మారుతోంది.

మనుషుల విషయానికి వస్తే నాకు ముఖ్యంగా కనిపించే ఆధారం ఒకటుంది. బార్నెట్, ప్రినియాస్ 2004లో ప్రచురించిన పరిశీలనలో, రిలాప్స్ సమయంలో గానీ దాని వెనువెంటనే గానీ మరణించిన 12 మంది రోగుల మెదళ్లను చూశారు. అప్పుడే ఏర్పడుతున్న కొన్ని గాయాలలో మైలిన్‌ను తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్‌లు పెద్ద ఎత్తున చనిపోయి ఉన్నాయి, చుట్టూ మైక్రోగ్లియా ఉత్తేజితమై ఉంది, కానీ టి-కణాలు దాదాపుగా లేవు, మైలిన్‌ను మింగిన మాక్రోఫేజ్‌లు కూడా ఇంకా రాలేదు. వాపు ముందు, నష్టం తరువాత అన్న క్రమాన్ని ఇది తలకిందులు చేసింది.

లసీకధార:

ఆ పరిశీలనకు నేను గౌరవమిస్తాను, కానీ దాని మీద మోపగలిగినంత బరువే మోపాలి. మరణానంతరం తీసిన కణజాలం ఒక్క క్షణపు చిత్రం మాత్రమే. ఆ చోట అంతకుముందు వారంలో టి-కణం వచ్చి వెళ్లిందో లేదో అది చెప్పదు. పైగా 2000లో లూకినెటి బృందం చురుకుగా ఉన్న గాయాలను నాలుగు రకాలుగా విభజించినప్పుడు, అన్ని రకాలలోనూ టి-కణాలు, మాక్రోఫేజ్‌లు కలిసి కనిపించాయి. తేడాలు యాంటీబాడీ, కాంప్లిమెంట్ (రోగనిరోధక ప్రొటీన్‌ల శృంఖల) పేరుకోవడంలోనూ, ఆలిగోడెండ్రోసైట్‌లు చనిపోయే తీరులోనూ ఉన్నాయి. 12 మంది మీద ఆధారపడి సాధారణ సూత్రం చేయలేము.

మాక్రోఫేజ్ నష్టం చేయదని నేను ఎప్పుడూ అనలేదు. మైలిన్‌ను నిజంగా చీల్చి మింగేది అదే అన్నది పాతకాలం నుంచీ తెలిసిన విషయం. దానికి ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తోందన్నదే నా ప్రశ్న. 1987లో 18 మంది ఎం.ఎస్. రోగులకు గామా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు. టి-కణాలు స్రవించే ఈ పదార్థం మాక్రోఫేజ్‌లను ఉత్తేజపరుస్తుంది. చికిత్స కాలంలో 7 మందికి రిలాప్స్ వచ్చింది, ఆ ప్రయోగాన్ని ఆపవలసి వచ్చింది. ఆజ్ఞ లింఫోసైట్‌ది, అమలు మాక్రోఫేజ్‌ది అని అనడానికి ఇంతకంటే స్పష్టమైన మానవ సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

నడిచే దూరం తగ్గుతున్నవారు:

నేను శాస్త్రవేత్తను కాను, ఎం.ఎస్. ఉన్న వ్యక్తిని. ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. బి-కణాలను తొలగించే మందు వాడుతున్నాను. చాలా కాలంగా రిలాప్స్ లేదు. ప్రతి ఎంఆర్‌ఐ నివేదికలో "కొత్త మచ్చలు లేవు, వ్యాధి నిలకడగా ఉంది" అనే రాస్తున్నారు. కానీ నేను ఆగకుండా నడవగలిగిన దూరం ఏటికేడు తగ్గుతోంది, ఎడమ పాదం ఈడ్చుకుపోతోంది. నేను ఈ విషయం చెప్పినప్పుడు, నివేదిక బాగానే ఉంది కదా అనే సమాధానం వచ్చిన సందర్భాలున్నాయి.

నా ప్రశ్న ఇది. సుషుమ్న గారు చెప్పినట్లు ఇది లోపలి కణాల పని అయితే, దానిని చూడగలిగే పరీక్ష ఉందా? ఆ కణాలను అణచివేసే మందు వస్తే, మెదడుకు కాపలాగా ఉండే కణాలను అణచివేయడం ప్రమాదం కాదా?

సుషుమ్న:

మీరు రాసినది చదివాక ఈ చర్చ ఎందుకు అవసరమో నాకు మరింత గట్టిగా అనిపించింది. మీ అనుభవానికి సరిపోయే జీవశాస్త్రం ఇప్పుడు ఉంది, దానిని కంటితో చూడడానికి మార్గం కూడా ఉంది.

పాత గాయాలన్నీ చల్లారిపోవు. కొన్నింటి మధ్యభాగం నిర్జీవంగా ఉన్నా, అంచుల్లో ఇనుమును నింపుకున్న మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు వలయంలా నిలిచి, ఏళ్ల తరబడి చుట్టుపక్కల కణజాలాన్ని కొద్దికొద్దిగా తినివేస్తాయి. ఇనుముకు అయస్కాంత క్షేత్రాన్ని ప్రభావితం చేసే గుణం ఉంది కాబట్టి, ఆ తేడాను పట్టుకునే ప్రత్యేక ఎంఆర్‌ఐ పద్ధతిలో ఈ వలయం నల్లని అంచుగా కనిపిస్తుంది. గడోలినియం అనే కాంట్రాస్ట్ ద్రవ్యాన్ని ఇంజెక్ట్ చేసి కొత్త మచ్చల కోసం వెదికే మామూలు పరీక్షలో ఇది కనబడదు, ఎందుకంటే ఇక్కడ రక్త-మెదడు అవరోధం పెద్దగా తెరుచుకోదు. 2019లో అబ్‌సింటా బృందం పరీక్షించిన 192 మందిలో సగానికి పైగా రోగులకు కనీసం ఒక్క అంచు వలయమైనా ఉంది; అటువంటివి 4 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారు ఏ వలయమూ లేనివారికన్నా చిన్న వయసులోనే నడకలోనూ ఆలోచనా సామర్థ్యంలోనూ వైకల్యానికి చేరుకున్నారు. వారిలో చాలామంది చికిత్సలో ఉన్నవారే.

బి-కణాలను తొలగించే మందులు ఈ వలయాలను చెరపలేకపోయాయని 2023లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. లసీకధార గారు ఆజ్ఞ లింఫోసైట్‌దే అంటున్నారు. ఆజ్ఞ ఇచ్చినవారిని తొలగించిన తరువాత కూడా అమలు ఆగకపోతే, ఆజ్ఞ సిద్ధాంతం ఆ దశకు వర్తించదని ఒప్పుకోవలసి ఉంటుంది.

చికిత్స గురించి చెప్పాలంటే, బీటీకే అనే ఎంజైమును నిరోధించే టోలెబ్రుటినిబ్ మీద ఆధారాలు ఉన్నాయి. ఆ ఎంజైము బి-కణాలలోనూ మైక్రోగ్లియాలోనూ పనిచేస్తుంది, ఈ మందు మెదడులోకి చేరగలదు. రిలాప్స్‌ల దశ దాటి, అవి లేకుండా ముదురుతున్న రెండో దశ ఎం.ఎస్. ఉన్న 1,131 మందితో జరిగిన హెర్క్యులిస్ ట్రయల్ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. 6 నెలల పాటు నిలిచిన వైకల్యం ప్లాసిబో తీసుకున్నవారిలో 30.7 శాతం మందికి, మందు తీసుకున్నవారిలో 22.6 శాతం మందికి కలిగింది. ఇదే మందు జెమిని ట్రయల్స్‌లో రిలాప్స్‌లను తగ్గించడంలో టెరిఫ్లునమైడ్ అనే పాత ఎం.ఎస్. మందును మించలేకపోయింది, కానీ నిలిచిపోయే వైకల్యాన్ని మాత్రం అంతకంటే తగ్గించింది. రిలాప్స్‌లు ఒక ప్రక్రియ అని, ముదరడం మరొక ప్రక్రియ అని మందే విడదీసి చూపినట్లయింది.

ప్రమాదాన్ని దాచడం సరికాదు. ఈ మందు కాలేయాన్ని దెబ్బతీయగలదు. హెర్క్యులిస్‌లో కాలేయ ఎంజైములు మామూలు గరిష్ఠ పరిమితికి 3 రెట్లు మించినవారు మందు తీసుకున్నవారిలో 4 శాతం, ప్లాసిబోలో 1.6 శాతం. కాలేయ మార్పిడి అవసరమై, దాని తరువాతి సమస్యలతో ఒక వ్యక్తి మరణించారు.

లసీకధార:

జెమిని ఫలితం ఆలోచింపజేసేదే. కానీ ఒకే అణువు రెండు రకాల కణాలలో పనిచేస్తున్నప్పుడు, లాభం మైక్రోగ్లియా నుంచే వచ్చిందని ఎలా అంటారు? మెదడు పొరలలో గూడు కట్టుకున్న బి-కణాల సమూహాలు ఉంటాయని 2004 నుంచీ కణజాల పరిశోధనలు చెబుతున్నాయి. రెండో దశ రోగుల మెదళ్లలో ఆ సమూహాలకు ఆనుకున్న బూడిద పదార్థంలో (నాడీకణాలు కిక్కిరిసి ఉండే మెదడు పైభాగంలో) నష్టం ఎక్కువ. రక్తంలోకి ఎక్కించిన యాంటీబాడీలో మెదడు వైపు చేరేది అత్యల్పం. కాబట్టి ఆక్రెలిజుమాబ్ రక్తంలోని బి-కణాలను తొలగించినా, ఆ గూళ్లలోని కణాలు మిగిలే ఉండవచ్చు. టోలెబ్రుటినిబ్ అక్కడికి చేరి బి-కణాలనే అణచి ఉండవచ్చు. ఆజ్ఞ ఇచ్చినవారిని తొలగించామని మీరు అనుకుంటున్నారు. వారు తలుపు లోపల ఉన్నారేమోనని నా సందేహం.

ఇంకొక మాట. అదే కోవకు చెందిన ఎవోబ్రుటినిబ్ 2023లో చివరిదశ ట్రయల్స్‌లో టెరిఫ్లునమైడ్ కంటే మెరుగని నిరూపించుకోలేకపోయింది. ఒక మందు విజయాన్ని సిద్ధాంతానికి రుజువుగా తీసుకుంటే, మరొక మందు వైఫల్యాన్ని కూడా అదే తూకంలో వేయాలి.

సూక్ష్మదర్శిని:

తలుపు లోపలి బి-కణాల సందేహం సమంజసమైనదే. అయితే ఆ గూళ్ల కింద ఉన్న బూడిద పదార్థంలో ఏమి కనిపిస్తుందో కూడా చెప్పాలి. పైపొర దగ్గర నాడీకణాల నష్టం ఎక్కువగా, లోతుకు పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. ఉత్తేజిత మైక్రోగ్లియా కూడా అదే క్రమంలో తగ్గుతూ పోతుంది. పొరల నుంచి ఏదో ద్రవరూపంలో కిందికి ఊరుతోందని, దానికి స్పందించి మైక్రోగ్లియా నష్టం చేస్తోందని ఎక్కువమంది భావిస్తున్నారు. ఇక్కడ మీ ఇద్దరి కణాలూ ఒకే వరుసలో నిలబడ్డాయి.

2021లో ఒక్కొక్క కణకేంద్రకంలోని ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా చదివిన పరిశోధన ఈ అంచు వలయాలలోకి ఇంకా లోతుగా వెళ్లింది. అక్కడి మైక్రోగ్లియా ఒకే మూసలో లేదు. కొన్ని ఇనుమును పోగుచేసుకునేవి, కొన్ని ప్రతిజనకాలను ప్రదర్శించేవి, వాటి మధ్య లింఫోసైట్‌లు కొద్ది సంఖ్యలో ఉన్నాయి, నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్‌లు కూడా మారిపోయి ఉన్నాయి. కాంప్లిమెంట్ శృంఖలలో మొదటి అణువైన సీ1క్యూ మైక్రోగ్లియాను వాపు స్థితిలోకి నెట్టే ముఖ్యమైన కారకంగా బయటపడింది. ఈఏఈ ఎలుకలలో మైక్రోగ్లియాలోని సీ1క్యూను తొలగిస్తే ఆ వాపు స్థితిలోని మైక్రోగ్లియా తగ్గింది.

నడిచే దూరం తగ్గుతున్నవారు అడిగిన రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు. నా దృష్టిలో ఈ చర్చలో అతి ముఖ్యమైన ప్రశ్న అదే. మైలిన్ పోయిన నాడీతంతువుకు కొత్త తొడుగు రావాలంటే ముందుగా పాత మైలిన్ శిథిలాలు తొలగాలి, ఎందుకంటే ఆ శిథిలాలే ఆలిగోడెండ్రోసైట్‌లుగా పరిణతి చెందవలసిన కణాలను అడ్డుకుంటాయి. ఆ పని చేసేది మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లే. ఎలుకలలో మాక్రోఫేజ్‌లను తొలగిస్తే మైలిన్ పునర్నిర్మాణం కుంటుపడింది. 2012లో ముసలి ఎలుకకు, చిన్న వయసు ఎలుకకు రక్తప్రసరణను కలిపి చూసినప్పుడు, చిన్న ఎలుక నుంచి వచ్చిన మోనోసైట్‌లు ముసలి ఎలుకలో శిథిలాలను తొలగించి, తొడుగు తిరిగి ఏర్పడడానికి తోడ్పడ్డాయి. వయసు పెరిగే కొద్దీ ఈ సామర్థ్యం సన్నగిల్లుతుంది, ఎం.ఎస్. ముదరడం కూడా ప్రధానంగా వయసుతోనే ముడిపడి ఉంది. కాబట్టి ముదిరే దశలో మైక్రోగ్లియా చేయకూడని చెడు చేస్తోందా, లేక చేయవలసిన మంచి చేయలేకపోతోందా అన్నది నాకు ఇంకా తేలని ప్రశ్న. రెండూ ఒకే మెదడులో, ఒకే గాయపు రెండు అంచులలో జరుగుతూ ఉండవచ్చు. అందుకే "మైక్రోగ్లియాను అణచివేయడం" అనే మాట వినగానే నేను వెనుకాడతాను. ట్రెమ్2 అనే గ్రాహకాన్ని ప్రేరేపించి మైక్రోగ్లియా చేత శిథిలాలను మరింతగా తొలగింపజేసే ప్రయత్నం ఎలుకలలో మైలిన్ పునర్నిర్మాణాన్ని పెంచింది. ఒకరు అణచమంటున్నారు, ఒకరు ప్రేరేపించమంటున్నారు, ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది.

మజ్జ:

సహజ రోగనిరోధక కణాలంటే మైక్రోగ్లియా ఒక్కటే అన్నట్లుగా చర్చ సాగుతోంది కాబట్టి కొంచెం చేర్చుతాను.

ప్రతిజనకాన్ని చూపించే డెండ్రైటిక్ కణాలు లేకపోతే లసీకధార గారి టి-కణానికి పనే లేదు. మెదడులోకి వచ్చిన టి-కణం అక్కడ మళ్లీ ప్రతిజనకాన్ని చూసి గుర్తుపట్టాలి. ఆ ప్రదర్శనకు రక్తనాళాల వెంబడి ఉండే డెండ్రైటిక్ కణాలు ఒక్కటే చాలునని 2005లో ఎలుకలలో చూపించారు. హెచ్‌ఎల్‌ఏ జన్యువును లింఫోసైట్‌ల సాక్షిగా నిలబెట్టారు. ఆ జన్యువు తయారుచేసే అణువును తన ఉపరితలం మీద మోసేది డెండ్రైటిక్ కణం, మాక్రోఫేజ్, బి-కణం, ఉత్తేజితమైన మైక్రోగ్లియా. ఆ సాక్షిని ఇరుపక్షాలూ పిలవవచ్చు.

సహజ హంతక కణాలు, అంటే ఎన్‌కే కణాలు, రోగికి మేలు చేసే వైపు ఉన్నట్లు కనిపించాయి. డాక్లిజుమాబ్ అనే ఎం.ఎస్. మందు తీసుకున్నవారిలో ఒక రకం ఎన్‌కే కణాలు పెరిగాయి, వ్యాధి తగ్గడం ఆ పెరుగుదలతో కలిసి నడిచింది. తీవ్రమైన మెదడువాపు కేసుల కారణంగా ఆ మందును 2018లో ఉపసంహరించారు. న్యూట్రోఫిల్‌లు అనే మరో రకం తెల్లరక్తకణాలు ఈఏఈలో పుష్కలంగా కనిపిస్తాయి కానీ ఎం.ఎస్. గాయాలలో అరుదు, ఈఏఈ నుంచి మనుషులకు నిర్ధారణలు తీసుకురావడంలో ఉన్న ఇబ్బందికి ఇది మంచి ఉదాహరణ.

అదీగాక, మనం లింఫోసైట్ మందులని పిలుస్తున్న వాటిలో కొన్ని సహజ కణాల మీద కూడా పనిచేస్తాయి. గ్లాటిరమర్ ఎసిటేట్ మోనోసైట్‌ల స్వభావాన్ని వాపు తగ్గించే దిశగా మారుస్తుందని 2007లో ఎలుకల ఈఏఈలో చూపించారు.

సుషుమ్న:

మజ్జ గారు హెచ్‌ఎల్‌ఏ గురించి చెప్పినదానికి జన్యు పరిశోధన నుంచే ఇంకో రెండు విషయాలు జోడిస్తాను. 47 వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి 2019లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం, ఎం.ఎస్. వచ్చే అవకాశంతో ముడిపడిన 233 జన్యు సంకేతాలను గుర్తించింది. అవి టి, బి కణాలలోనే కాక మోనోసైట్‌లు, ఎన్‌కే కణాలు, మైక్రోగ్లియా వంటి సహజ కణాలలో కూడా చురుకుగా ఉన్నాయి. నాడీకణాలలో, ఆస్ట్రోసైట్‌లలో మాత్రం అలా కనబడలేదు. అంటే వ్యాధి మొదలవడంలో సైతం మైక్రోగ్లియా కేవలం ప్రేక్షకురాలు కాకపోవచ్చు.

రెండోది నా వాదనను బలపరిచేంతగా నన్ను ఇబ్బంది పెట్టేది కూడా. వ్యాధి వస్తుందా అని కాక, వచ్చాక ఎంత తీవ్రంగా ఉంటుందన్నదాని మీద 2023లో జరిగిన అధ్యయనంలో, డిస్ఫెర్లిన్ అనే ప్రొటీన్ జన్యువుకు దగ్గరగా ఉన్న ఒక మార్పును తల్లిదండ్రులిద్దరి నుంచీ పొందినవారికి నడకకు ఊత అవసరమయ్యే కాలం మధ్యగతంగా 3.7 ఏళ్లు ముందే వచ్చింది. వ్యాధి వచ్చే ముప్పును పెంచే జన్యువులు ఇందులో ప్రముఖంగా లేవు. తీవ్రతకు సంబంధించిన సంకేతాలు రోగనిరోధక కణాలకన్నా మెదడు, వెన్నుపాము కణజాలంలో ఎక్కువగా ఉన్నాయి. ముదరడం వేరే ప్రక్రియ అన్న నా మాటకు ఇది బలం. కానీ ఆ ప్రక్రియకు కేంద్రం మైక్రోగ్లియా అన్న మాటకు ఇది నేరుగా సాక్ష్యం కాదు. నాడీకణం తన నష్టాన్ని ఎంతవరకు తట్టుకోగలదన్నది కూడా ఇందులో ఇమిడి ఉంది. అందువలన నా వాదనను ఇలా కుదించి చెబుతాను: అంచు వలయాలున్న గాయాలలో నష్టాన్ని కొనసాగించేది ప్రధానంగా మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లే, మొత్తం ముదరడంలో ఆ గాయాల వాటా ఎంతన్నది విడిగా కొలవాలి.

లసీకధార:

కుదించిన రూపంలో మీ వాదనకు దగ్గరగా రాగలను, పూర్తిగా కాదు. ముదిరే దశలో లింఫోసైట్ మందులు ఎవరికి పనిచేశాయో చూడండి. 2009లో రిటుక్సిమాబ్ మీద జరిగిన ఒలింపస్ ట్రయల్ మొత్తం మీద లక్ష్యాన్ని చేరలేదు, కానీ వయసు తక్కువగా ఉండి గడోలినియంతో వెలిగే మచ్చలున్నవారిలో లాభం కనిపించింది. లింఫోసైట్‌లను మెదడులోకి రానివ్వని నటాలిజుమాబ్‌ను రెండో దశ ఎం.ఎస్. ఉన్నవారిలో పరీక్షించిన అసెండ్ ట్రయల్ కూడా మొత్తం మీద విఫలమైంది, అయితే చేతుల పనితీరులో కొంత మేలు నమోదైంది. నడకకు అవసరమైన పొడవాటి నాడీమార్గాలు అప్పటికే చాలావరకు పోయి ఉండవచ్చని, చేతుల మార్గాలలో ఇంకా కాపాడగలిగినది మిగిలి ఉందని దీనిని అర్థం చేసుకుంటాను. మనం ఆలస్యంగా, తప్పు కొలబద్దతో పరీక్షిస్తున్నామేమో కానీ, తప్పు కణాన్ని లక్ష్యంగా పెట్టుకున్నామని ఇంకా రుజువు కాలేదు.

రుజువు కావాలంటే నేను అడిగేది ఒక్కటే. బి-కణాలను అసలు తాకకుండా, మెదడులోని మైక్రోగ్లియాను మాత్రమే మార్చే మందు ఒకటి, మొదటి రోజు నుంచే అంచు వలయాలను లెక్కించి చేర్చుకున్న రోగులలో, ఆ వలయాలను తగ్గించడమే కాక వైకల్యాన్ని కూడా తగ్గించాలి. వలయం తగ్గి వైకల్యం ఆగకపోతే మీరు నా వైపు రావాలి. ఆగితే నేను మీ వైపు వస్తాను.

సూక్ష్మదర్శిని:

ఆ షరతు న్యాయమైనదే. ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. మైక్రోగ్లియా మారిందని ఆ ట్రయల్‌లో ఎలా తెలుసుకుంటారు? టీఎస్‌పీఓ అనే ప్రొటీన్‌కు అంటుకునే పదార్థంతో పెట్ స్కాన్ తీసి ఉత్తేజిత మైక్రోగ్లియాను చూస్తున్నామని చాలా అధ్యయనాలు చెబుతాయి. ఆ ప్రొటీన్ ఆస్ట్రోసైట్‌లలోనూ రక్తనాళాల గోడలలోనూ ఉంటుంది. ఆ సంకేతం పెరిగితే ఎన్ని కణాలున్నాయో కొంతవరకు తెలుస్తుంది కానీ, అవి నష్టం చేస్తున్నాయో మరమ్మతు చేస్తున్నాయో తెలియదు. అంచు వలయం ఇంతకంటే నిర్దిష్టమైన గుర్తు. అయినా అది ఇనుమును చూపుతుంది, కణపు ఉద్దేశాన్ని కాదు.

నడిచే దూరం తగ్గుతున్న గారికి ఒక మాట. ఎంఆర్‌ఐ నిలకడగా ఉన్నంత మాత్రాన మీరు చెబుతున్నది నిజం కాకుండా పోదు. 25 అడుగుల నడకకు పట్టే సమయాన్ని, తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు గుచ్చి తీసే చేతి పరీక్షను ప్రతి ఏడూ ఒకే పద్ధతిలో నమోదు చేయమని మీ న్యూరాలజిస్టును అడగండి. ఇనుముకు స్పందించే ఎంఆర్‌ఐ శ్రేణి వారి యంత్రంలో ఉందేమో, ఉంటే మీ పాత గాయాలలో అంచు వలయాలను వెదకగలరేమో కూడా అడగండి. ఇప్పటికిప్పుడు మీ మందు మారకపోవచ్చు. కానీ మీరు ముదురుతున్నారన్న విషయం మీ ఫైలులో అంకెల రూపంలో ఉంటే, మీకు తగిన ట్రయల్ మొదలైనప్పుడు మిమ్మల్ని "నిలకడగా ఉన్న రోగి" అని పక్కన పెట్టడం కుదరదు.

నడిచే దూరం తగ్గుతున్నవారు:

ధన్యవాదాలు. ఆ రెండు పరీక్షల గురించీ, ఆ స్కాన్ గురించీ రాసుకున్నాను. వచ్చే సంప్రదింపులో ఈసారి నివేదిక కన్నా ముందు నా నడక గురించే అడుగుతాను. ఫలితం ఏదైనా ఇక్కడ రాస్తాను. లసీకధార గారూ, మీరు చెప్పిన ఆ ట్రయల్ నిజంగా మొదలైతే, చేరడానికి వయసు పరిమితి పెట్టవద్దని అడిగేవారిలో నేనూ ఉంటాను.